గడపతో వెళ్ళిన సారె

రాజులమ్మ ఎప్పుడూ ఇల్లు కూల్చడం అనలేదు. విప్పడం అనేది. కూల్చడానికి యంత్రం చాలు, ఒక పూట పని. విప్పడానికి పది రోజులు పడుతుంది. పెంకులతో మొదలుపెట్టి వాసాలు, దూలాలు, తర్వాత తలుపులు, కిటికీలు, చివరికి గోడల్లో ఇటుకలు. కట్టినవాళ్ళు ఏ వరసలో కట్టుకుంటూ పైకి వెళ్ళారో, సరిగ్గా దానికి ఎదురు వరసలో ఆమె కిందికి దిగేది. పెంకుని రెండు చేతులతో పట్టుకుని, కొంచెం పైకెత్తి, పక్కకి జరిపి తీయాలి. తొందరపడి లాగితే ముక్కు విరిగి ఊరుకుంటుంది. ఆమె చేతిలో వందకి రెండో మూడో తప్ప విరిగేవి కావు. చోడవరం చుట్టుపక్కల తాపీమేస్త్రులందరికీ ఈ సంగతి తెలుసు. “పెంకులు బతకాలంటే రాజులమ్మని పిలవండి” అని వాళ్ళే ఇంటివాళ్ళకి చెప్పేవారు.

పోయిన శ్రావణంలో ఆమె పోయింది. ఆ రోజు ఇంటి ముందు నిలబడ్డ జనాన్ని చూసి, మాడుగుల బస్సులో వెళ్తున్నవాళ్ళు ఎవరో నాయకుడు పోయాడనుకున్నారట. నాయకుడెవరూ కాదు. తలకి తువ్వాలు చుట్టుకుని ఇటుకలకి సున్నం గీకే మనిషి. ఆ వచ్చినవాళ్ళలో సగం మంది ఇళ్ళకి తలుపో కిటికీయో ఆమె చేతి మీదుగానే వెళ్ళింది. ఆమె గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది గానీ, ఒక మాఘమాసం నుంచి ఉగాది దాకా జరిగిన ఈ ఒక్క సంగతి చెబితే మనిషి ఎలాంటిదో తెలుస్తుంది.

ఆమె నడిపిన పాత సామాను కొట్టు కావాలని పెట్టింది కాదు. హుద్‌హుద్ తుపానుకి పెంకుటిళ్ళ కప్పులు లేచిపోయినప్పుడు, ఎంత తిరిగినా పెంకులు దొరకని రోజుల్లో, రాజులమ్మ పెరట్లో ఒక పాత ఇంటివి పదిహేను వందల పెంకులు పేర్చి ఉన్నాయి. తన పాకకి వేసుకుందామని కూలి కింద అడిగి తెచ్చుకున్నవి. వీధిలో నాలుగిళ్ళకి అవి పంచేసి, తను తాటాకు కిందే ఉండిపోయింది. మరుసటేడు ఆ నలుగురిలో ఒకరు కొత్త మేడ కడుతూ పాత కిటికీలు రెండు తెచ్చి ఆమె పెరట్లో దించారు. ఇంకొకరు తలుపు తెచ్చారు. అవి కావలసినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. డ్వాక్రా సంఘంలో ఆమెతో ఉన్న తొమ్మిది మంది ఆడవాళ్ళూ కలిసి మాడుగుల రోడ్డు పక్కన పాక వేశారు. జనం దానికి పాతింటి కొట్టు అని పేరు పెట్టేశారు.

కొట్టుకి పద్ధతి ఒకటుంది. కావలసింది ఏదైనా, మీకు తోచింది ఇచ్చి తీసుకెళ్ళొచ్చు. ఇవ్వలేకపోతే ఒక రోజు కొట్టులో కూర్చుని మేకులు పీకి వెళ్ళాలి. టేపు లేదు. తలుపు కావలసినవాళ్ళు తమ గోడలో వదిలిన ఖాళీని పురికొసతో కొలిచి, ముడివేసి తేవాలి. తాడు లేకుండా వచ్చినవాళ్ళని రాజులమ్మ వెనక్కి పంపేసేది.

“ఎంతుంటాదో సేతులు సాపి సూపించేస్తే సరిపోద్దేటి? నీ సేతులు నీ ఇంటి గోడ కన్నా గొప్పయ్యా? తాడట్టుకురా.”

విప్పిన సరుకుకి మరమ్మతు చేసేది తాతబ్బాయి. రాజులమ్మ అక్క మొగుడు, ముసలి వడ్రంగి. నోరు పెళుసు. ఉలి పట్టుకున్నప్పుడు మాత్రం పసిబిడ్డకి గోళ్ళు తీస్తున్నంత నెమ్మది.

ఏళ్ళు గడిచేకొద్దీ పాక నిండిపోయింది. తలుపుల మీద తలుపులు, బయట టార్పాలిన్ కింద కిటికీలు. వానొస్తే సగం తడిసేవి, మిగతావాటికి చెద పట్టేది. ఒకసారి రావికమతం దగ్గర పల్లెలో పాత బడి తీసేస్తున్నారనీ, గుగ్గిలం కర్ర దూలాలు పద్దెనిమిది ఉన్నాయనీ కబురొచ్చింది. పెట్టడానికి చోటు లేదు. వారం గడువు అడిగింది. అంతలో లారీ వచ్చి వాటిని ఇటుకల బట్టీకి తోలుకుపోయింది. రాజులమ్మ షేరాటో ఎక్కి బట్టీ దాకా వెళ్ళింది. అప్పటికి ఒకే ఒక్క దూలం సగం కాలి బయట మిగిలి ఉంది. దాని మీద పిల్లలు మేకుతో గీకిన పేర్లు ఇంకా కనిపిస్తున్నాయి.

తిరిగొచ్చి ఆ పూట అన్నం తినలేదు. “బావా, మనకి జాగా కావాల” అంది, అంతే.

జాగా కళ్ళెదుటే ఉంది. కొట్టుకి నాలుగడుగుల అవతల పాత బెల్లం గోదాం. ఎత్తైన కప్పు, చెద ఎక్కని రాతి నేల, లారీ వచ్చి ఆనుకునే అరుగు. పదేళ్ళుగా తాళం. అది వేంకటరమణమూర్తి గారిది. కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. సరిగ్గా అప్పుడే ఆయన, అగ్రహారం వీధిలో తన పెంకుటిల్లు తీసేసి అపార్టుమెంటు కట్టేవాళ్ళకి స్థలం ఇస్తున్నాడు. రాజులమ్మ తాతబ్బాయిని వెంటబెట్టుకుని, రెండు పనులూ ఒకేసారి అడగడానికి వెళ్ళింది.

మూర్తి గారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“మా అన్నయ్య వాళ్ళ ఇల్లు పడగొట్టినప్పుడు సింహద్వారం ఎవరో కొనుక్కుపోయారు రాజులమ్మా. తర్వాత వైజాగ్‌లో ఒక హోటల్లో చూశాను. తలుపుని అడ్డంగా పడుకోబెట్టి, పైన అద్దం వేసి, భోజనాల బల్ల చేశారు. గడప ఏమైందయ్యా అంటే ఎవరికీ తెలియదు.”

“అయ్యో బాబూ.”

“మా ఇల్లు నువ్వే విప్పు. కానీ మా సింహద్వారం గడపతో సహా, మనుషులు కాపురం ఉండే ఇంట్లో, వీధి ద్వారంగా నిలబడాలి. ఉగాదిలోపు అది చేశావంటే గోదాం ఐదేళ్ళు మీ సంఘానిది. నాకు అద్దె వద్దు. చెయ్యలేకపోతే, ఎరువుల డీలరు ఒకాయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు, ఆయనకి మాట ఇచ్చేస్తాను.”

ఆయన భార్య లక్ష్మీసుందరి గుమ్మంలో నిలబడి అంతా విన్నది.  కాఫీ గ్లాసు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఆ గడప దగ్గర ఒక్క క్షణం ఆగి దాటడం రాజులమ్మ చూసింది.

“ఓస్, అంతేనా బాబూ” అని ఒప్పేసుకుంది రాజులమ్మ.

వీధి మలుపు తిరగ్గానే తాతబ్బాయి అందుకున్నాడు. “ఒసే, నీకు మతుండే ఒప్పుకున్నావేటే? మన కొట్టులోంచి ఇన్నేళ్ళలో ఒక్క గడపైనా బయటికెళ్ళిందేటి?”

రాజులమ్మ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. నిజమే. కిటికీకి లేని పట్టింపు, తలుపు రెక్కలకి లేని పట్టింపు, గడపకి ఉంది. ద్వారబంధం కింది పలక అది. కొత్తిల్లు కడితే గడపకే పూజ, శుక్రవారం పసుపు గడపకే. పరాయి ఇంటి గడప తెస్తే ఆ ఇంటి మంచీ చెడూ కూడా దాంతోపాటు వస్తాయని జనం అనుకుంటారు. కొట్టుకి వచ్చినవాళ్ళు ద్వారబంధం బాగుందంటే బాగుందనేవారు. ఆ తర్వాత తాతబ్బాయిని పక్కకి పిలిచి, కింది పలక కోసేసి మూడు పలకలే ఇమ్మనేవారు. అలా కోసిన గడపలు పదకొండు పాక మూల పడి ఉన్నాయి. వాటిని ఎవరూ తీసుకోరు. కాల్చడానికి చేతులు రావు. మధ్యాహ్నం పూట వాటి మీద కూర్చునే ధైర్యం కూడా ఎవరికీ లేదు.

“అయితేటి? ఇది పన్నెండోది కాకుండా సూడాల” అంది రాజులమ్మ. గొంతులో ఇందాకటి హుషారు లేదు.

ఇల్లు విప్పడానికి పన్నెండు రోజులు పట్టింది. సింహద్వారాన్ని ఆఖర్న తీశారు. టేకు. పై పలక మీద తామరపువ్వు, దానికి రెండు వైపులా చిలకలు. గడప మాత్రం నున్నటి పలక, మధ్యలో అరిగి పల్లంగా ఉంది. ఎనిమిది మంది పట్టి, కింద పాత చీరలు పరిచి, ట్రాక్టరు మీద పడుకోబెట్టి తెచ్చారు.

రాజులమ్మ తప్పు చేసింది ఇక్కడే.

నలుగురికీ కనబడితే ఎవరో ఒకరికి మనసవుతుందని, ద్వారాన్ని పాకలో పెట్టించకుండా రోడ్డు పక్కన రెండు బండల మధ్య నిలబెట్టించింది. రెక్కలు బిగించి మూయించింది. శుక్రవారం పొద్దున్నే గడపని చింతపండుతో తోమి, కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పసుపు గడప చూస్తే ఎవరికైనా తమ ఇల్లే గుర్తుకొస్తుందని ఆమె ఆలోచన. మామూలుగా మంచి ఆలోచనే. కానీ ముందూ వెనకా ఇల్లు లేకుండా, బయలులో, మూసిన తలుపులతో, పసుపు కుంకుమలతో ఒక ద్వారం ఒంటరిగా నిలబడితే దాన్ని చూసేవాళ్ళకి గుర్తొచ్చేది ఇల్లు కాదు.

మొదట ఆగింది షేరాటో నడిపే సత్యారావు. దిగి, చెప్పులు విప్పి, దండం పెట్టుకుని వెళ్ళాడు. రాజులమ్మ నవ్వుకుంది. రెండో శుక్రవారం ఆటోలో ఉన్న ఎనిమిది మందీ దిగారు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. మూడో శుక్రవారానికి చిలక మెడకి ఎర్రగుడ్డ కట్టి ఉంది. తప్పిపోయిన గేదె ఇక్కడ మొక్కాక ఇంటికొచ్చిందట. నాలుగో వారం రాజులమ్మ వచ్చేసరికి కొట్టు ముందు ముప్ఫై జతల చెప్పులున్నాయి. లోపలికి వెళ్ళబోతుంటే ఒకామె కసిరింది.

“లైన్లో రావమ్మా. మేమందరం మనుషుల్లాగ అగపడతం లేదేటి?”

“ఇది నా కొట్టే!”

“అమ్మోరి దగ్గర నీ కొట్టు నా కొట్టు ఏటి?”

తాతబ్బాయి పాక గుంజకి ఆనుకుని పగలబడి నవ్వాడు. “ఒసే రాజులమ్మా! తలుపు ఇయ్యమంటే గుడి కట్టేసేవే. ఇంక నన్ను పూజారిని సేసేయ్, ఉలి పట్టుకోలేక సస్తన్నాను.”

“నోర్మూసుకో బావా. నాకు ఏడుపొస్తంది.”

నిజంగానే వచ్చింది. అప్పటిదాకా పరాయి గడప అని భయపడ్డవాళ్ళు ఉన్నారు, కాదని ఒప్పించగలననుకుంది. ఇప్పుడు అది అమ్మవారి గడప. దాన్ని దాటి లోపలికీ బయటికీ తిరిగేదెవరు? దాని పక్కన చెప్పులు విప్పేదెవరు? కొత్త ఇళ్ళు కడుతున్న పదమూడు మంది ఇళ్ళకి తిరిగింది. ఒకాయన రెండు చేతులూ జోడించి, “వొద్దమ్మా, తాగొచ్చి ఆ గడప మీద పడ్డానంటే నా గతేటి?” అన్నాడు. ఆయన నిజాయితీకి రాజులమ్మ తిరిగి దండం పెట్టి వచ్చేసింది.

ఆ వారమే మూర్తి గారు వచ్చాడు. ఎర్రగుడ్డ, అరటిపళ్ళు, అగరొత్తుల పొగ అన్నీ చూశాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

“నేను ఇంటికి ఇచ్చాను రాజులమ్మా, గుడికి కాదు. ఉగాది ఇంకా పద్దెనిమిది రోజులుంది. డీలరు నిన్న కూడా ఫోన్ చేశాడు.”

ఆయన వెళ్ళాక రాజులమ్మ గోదాం వైపు చూస్తూ కూర్చుంది. ఆ రాతి నేల మీద ఏది ఎక్కడ పెట్టాలో ఆమె మనసులో అప్పటికే సర్దేసుకుంది. తలుపులు ఎడమ గోడకి, పెంకులు వెనక, దూలాలు అరుగు పక్కన. ఇప్పుడు ఆ చోట్లన్నీ ఎరువుల బస్తాలతో నిండుతున్నట్టు కనిపించింది.

మిగిలింది ఒక్క ఇల్లు. గోవాడ వెళ్ళే దారిలో, ప్రభుత్వం స్థలాలిచ్చిన కొత్త కాలనీలో అచ్చియ్యమ్మది. గోడలు లేచాయి, శ్లాబు పడింది, వీధి గుమ్మానికి ప్లైవుడ్ ముక్క అడ్డం పెట్టి ఉంది. మొగుడు పెదబాబు చెరకు కొట్టే పనికి వెళ్తాడు. అచ్చియ్యమ్మ రెండు కిటికీల కోసం రెండు రోజులు కొట్టులో మేకులు పీకి వెళ్ళిన మనిషి. ఇప్పుడు ఐదో నెల.

“నాకైతే ఇష్టమే పిన్నీ” అంది అచ్చియ్యమ్మ. “ఆ సిలకల తలుపు నేను రోజూ సూస్తన్నాను. మా అత్తే ఒప్పుకోదు. పరాయోళ్ళ గడప నా కొడుకింట్లో ఏటని అంటాది. పుట్టింటోళ్ళు పెట్టిందైతే ఎవులూ మాటాడరు. మా తోటికోడలికి వాళ్ళన్నయ్య గుమ్మం సేయించి ఇచ్చేడు. సారెతో పాటే వచ్చింది. నాకు పుట్టిల్లెక్కడుంది? అమ్మా లేదు, నాన్నా లేడు, అన్నదమ్ములు అసలే లేరు.”

ఏదో మామూలుగా అనేసి, ఆమె నీళ్ళ బిందె ఎత్తుకుంది. రాజులమ్మ మాత్రం కూర్చున్నచోటే కూర్చుండిపోయింది. పరాయి గడప రాకూడదు. పుట్టింటి గడప రావచ్చు. అంటే తప్పు గడపలో లేదు, అది వచ్చిన దారిలో ఉంది. పుట్టింటినుంచి సారె వస్తే చలిమిడి దగ్గర్నుంచి మంచం దాకా ఏదైనా శుభమే. వీధంతా పంచుకు తింటారు. అమ్మోరైనా అంతే, ఏ ఊరి అమ్మోరికైనా పుట్టిల్లంటూ ఒకటుంటుంది, అక్కడినుంచి సారె వస్తుంది.

అక్కడినుంచి నేరుగా మూర్తి గారు అద్దెకుంటున్న ఫ్లాటుకి వెళ్ళింది. రెండో అంతస్తు. చెప్పవలసింది మూర్తి గారికి కాదని ఆమెకి తెలుసు. వంటింటి గుమ్మం దగ్గర కింద కూర్చుని, లక్ష్మీసుందరితో అచ్చియ్యమ్మ సంగతి, సారె సంగతి చెప్పింది.

“అంటే, నేను ఆ అమ్మాయికి తల్లి వరసన నిలబడాలా?” అంది లక్ష్మీసుందరి.

“అవునమ్మగారూ.”

“మా ఆడపడుచులు ఏమంటారో నీకు తెలుసా?”

“తెలుసమ్మా. అచ్చియ్యమ్మ అత్త ఏటంటాదో కూడా తెలుసు. ఇటూ అటూ మాటలు పడాల.”

హాల్లోంచి మూర్తి గారు, “ఒక్క పూట తంతే కదా సుందరీ” అన్నాడు.

“కాదు బాబూ” అంది రాజులమ్మ. ఆ మాటకి తలూపేసి ఉంటే పని తేలికయ్యేది. గోదాం తాళాలు ఆ హాల్లోనే మేకుకి వేలాడుతున్నాయి. “ఒక్క పూటతో అయిపోదు. ముందే సెప్తన్నాను. ఆ గుంటకి ఐదో నెల. సీమంతానికి గాజులకి మీ వైపు సూస్తాది. పురుడయ్యేక బిడ్డనెత్తుకుని మీ మెట్లెక్కుతాది. పండక్కి సీర పెట్టకపోతే వాళ్ళత్త దెప్పుతాది. సెయ్యగలిగితేనే అనండి. గోదాం కోసం ఒక ఆడపిల్లకి రెండోసారి పుట్టిల్లు లేకుండా సెయ్యలేను.”

లక్ష్మీసుందరి స్టవ్ కట్టేసింది. 

“ఆలోచించుకుని చెప్తాను” అంది.

ఆ ఆలోచన నాలుగు రోజులు సాగింది. తాతబ్బాయి రోజుకోసారి అడిగేవాడు, రాజులమ్మ రోజుకోసారి కసిరేది. మళ్ళీ శుక్రవారం వచ్చింది. కొట్టు ముందు జనం, కొబ్బరికాయలు, గంట కూడా ఎవరో తెచ్చి కట్టారు. పదింటికి సత్యారావు ఆటో ఆగింది. లక్ష్మీసుందరి దిగింది. చేతిలో పసుపు గిన్నె. లైను పక్కనుంచి తిన్నగా ద్వారం దగ్గరికి నడిచింది.

“ఓలమ్మా, పెద్దోళ్ళైతే లైనుండదేటి?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

ఆమె వెనక్కి తిరిగింది. చిన్న గొంతు. కానీ అందరికీ వినిపించింది.

“ఈ గడపకి నేను నలభైమూడేళ్ళు పసుపు రాశానమ్మా. ఒక్కనాడూ కొబ్బరికాయ కొట్టలేదు. దీని మీద పాలవాడు క్యాను పెట్టేవాడు. వానాకాలం మా మామగారు ఇక్కడే కర్రకి అంటిన బురద గీకేవారు. మా అబ్బాయి పాకుతూ వచ్చి దీని మీదే పడి పెదవి చిట్లగొట్టుకున్నాడు. ఎవరొచ్చినా ఇది తొక్కే వచ్చారు, తొక్కే వెళ్ళారు. అలా తొక్కబట్టే మధ్యలో అరిగింది చూడండి. ఇది తలుపులేసుకుని కూర్చునే తల్లి కాదు. ఇంట్లో జనం తిరుగుతుంటే చూసుకునే తల్లి. దీన్ని మా అమ్మాయికి సారెగా పంపుతున్నాను.”

“మీకు అమ్మాయెక్కడుందమ్మా?” అంది ముందు వరసలో ముసలామె. ఆవిడకి అగ్రహారం సంగతులన్నీ తెలుసు.

“కాలనీలో ఉంది. పేరు అచ్చియ్యమ్మ.”

జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గేదె దొరికినతను మాత్రం ఊరుకోలేదు. “మరి మా మొక్కులేం కావాల? నేను వొచ్చే వారం పదకొండు కాయలు కొడతానని మొక్కేను.”

ఈ ప్రశ్నకి జవాబు రాజులమ్మ దగ్గర ఉంది. అప్పటికే తువ్వాలు నడుముకి బిగించింది.

“ఎక్కడికి పోతాయి మొక్కులు? అమ్మోరు కూతురింటికెళ్తంటే ఉత్త సేతుల్తో పంపుతారేటర్రా? మొక్కిన కాయలు మొక్కినట్టు అట్టుకుని బుధవారం సారెతో రండి. కొట్టేది అచ్చియ్యమ్మ గుమ్మంలో. ఆ సెక్కలు కాలనీ పిల్లలు తింటారు.”

గేదె మనిషి కాసేపు ఆలోచించి, న్యాయంగానే ఉందన్నాడు.

ఒక చిక్కు వచ్చింది. కాలనీ ఇళ్ళన్నిటికీ ఒకే నమూనా. వీధి గుమ్మానికి వదిలిన ఖాళీ ఈ ద్వారానికి జానెడు వెడల్పు తక్కువ, రెండంగుళాలు ఎత్తు తక్కువ. ముందురోజు కొలిచి చూసి తాతబ్బాయి రంపం తీశాడు.

“కింద రెండంగుళాలు, పక్కల తలో నాలుగు. కనబడకుండా కోసేస్తాను.”

“రంపం లోపలెట్టు బావా” అంది రాజులమ్మ. “గోడ కొట్టు.”

“కొత్త గోడే! పెదబాబు నన్ను సంపేస్తాడు.”

“గోడ మళ్ళీ కడతాం. ఆ సిలకల్ని మళ్ళీ కట్టగలవేటి నువ్వు?”

గోడ ఆమే కొట్టింది. కొత్త ఇటుకల్ని కూడా ఒక్కటి విరగకుండా తీసి పక్కన పేర్చింది. పెదబాబు చూస్తూ నిలబడ్డాడు.

బుధవారం పొద్దున్న ట్రాక్టరు మీద ద్వారం, దాని ముందు పళ్ళేల్లో పసుపు, కుంకుమ, చీర, చలిమిడి, మాడుగుల హల్వా. లక్ష్మీసుందరి ట్రాక్టరు ఎక్కనంది, నడిచింది. మూర్తి గారు గొడుగు పట్టుకుని పక్కన నడిచాడు. వెనకాల కొబ్బరికాయల సంచులతో గేదె మనిషీ, సత్యారావూ, శుక్రవారం జనం సగం మందీ. కాలనీలో అందరూ బయటికొచ్చి చూశారు.

తాతబ్బాయి గడప ఆనించి, మట్టం చూసి, కింద నవధాన్యాలు పోయించి ద్వారం నిలబెట్టేసరికి మధ్యాహ్నం అయింది. అప్పటిదాకా అచ్చియ్యమ్మ అత్త పెరటి గోడ దగ్గర మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది.  లక్ష్మీసుందరి అచ్చియ్యమ్మకి బొట్టు పెట్టి, చీర ఒళ్ళో ఉంచడం చూసింది. పళ్ళేలు లెక్కపెట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. లేచి వచ్చి గుమ్మం ముందు నిలబడింది.  ఈ ముసలిది కాదంటే గడప మళ్ళీ ట్రాక్టరు ఎక్కాల్సిందే. గోదాం సంగతి అప్పుడు రాజులమ్మకి గుర్తుందో లేదో గానీ, అచ్చియ్యమ్మ మొహం మాత్రం చూడలేకపోయింది.

“సారె బాగానే ఉంది” అంది అత్త. “అల్లుడికి బట్టలేయి?”

 మూర్తి గారు భార్య వైపు చూశాడు, భార్య రాజులమ్మ వైపు చూసింది. అల్లుడి సంగతి ముగ్గురూ మరిచిపోయారు.

“పుట్టింటోళ్ళని పేరేగానీ అల్లుడికి తువ్వాలు గుడ్డ కూడా తేలేదేటర్రా!” అని అత్త గొంతు పెంచింది. “మా వాడికి మర్యాద అక్కర్లేదేటి?”

మూర్తి గారు గబగబా తన భుజం మీది జరీ కండువా తీసి, చెరకు పొలంనుంచి సగం పనిలో లేచొచ్చిన పెదబాబు మెడలో వేశాడు. పంచెలచాపు రేపు పంపిస్తానని అత్తకి మాటిచ్చాడు. “మర్సిపోకండి” అని ఆవిడ గట్టిగా చెప్పి, కొత్త గడప మీదుగా కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళి, వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు తెచ్చింది. రాజులమ్మ అప్పుడు గోడకి ఆనుకుని, తువ్వాలు మొహానికి కప్పుకుని నవ్విందో ఏడ్చిందో తాతబ్బాయికి కూడా తెలియలేదు.

ఉగాది నాడు గోదాం తెరిచారు. తాళం తుప్పుపట్టి రాకపోతే తాతబ్బాయి గొళ్ళేన్నే విప్పాడు. సంఘం ఆడవాళ్ళు పది మందీ నేల కడిగారు. పాకలోని తలుపులు ఒక్కొక్కటే మోసుకొచ్చి ఎడమ గోడ వైపు పెట్టడం మొదలెట్టారు. మధ్యాహ్నానికి అరుగు దగ్గర ట్రాక్టరు ఒకటి ఆగింది. రావికమతం వైపు రైతు. ఆయన వెనక ఒక ద్వారబంధం, నాలుగు పలకలూ ఉన్నాయి. గడపకి పసుపు రాసి ఉంది. చేతిలో సంచి. సంచిలో కొత్త చీర, పసుపు కుంకుమ పొట్లాలు.

“మా అమ్మ గడపండి” అన్నాడు, ఎవరితో చెప్పాలో తెలియక అందరి వైపూ చూస్తూ. “మేడ కడతన్నాం. మీరు గడపలకి ఆడపిల్లల్ని సూసి పెడతన్నారని సెప్పేరు. దీనికీ ఎవులైనా ఉన్నారేటమ్మా?”

రాజులమ్మ దగ్గరికి వెళ్ళి గడప మీద అరచేయి పెట్టి చూసింది. మధ్యలో పల్లాన్ని వేళ్ళతో తడిమింది.

“సూద్దాం. కొలత తాడట్టుకుని ఒకామె వస్తాది రేపు” అంది. తర్వాత ఆయన దించబోతుంటే అరిచింది. “గోడకి ఆనించకు బాబూ! సెమ్మ పట్టేస్తాది. కింద రెండు కర్రలేసి పెట్టు.”